ఒకేసారి ప్రీమియం కట్టే పాలసీ: సొమ్ము వేళకు వచ్చింది, పన్ను సంగతే ఎవరూ చెప్పలేదు

అమ్మ ఖమ్మం జిల్లాలో టీచరుగా చేసి రిటైరైంది. చేతికి వచ్చిన డబ్బులో 5 లక్షలు 2014 నవంబరులో ఒక ప్రైవేటు బీమా కంపెనీ పాలసీలో పెట్టింది. ప్రీమియం ఒక్కసారే కట్టాలి, గడువు పదేళ్లు, బీమా మొత్తం (పాలసీదారు చనిపోతే కుటుంబానికి ఇచ్చే హామీ సొమ్ము) 6.25 లక్షలు. గడువు తీరాక 8,90,000 వచ్చింది. ఏడాదికి దాదాపు 5.9 శాతం వడ్డీతో సమానం. గొప్ప రాబడి కాదు గానీ, మాట ఇచ్చిన మేరకు ఇచ్చారు.

చెల్లింపు విషయంలో కంపెనీని మెచ్చుకోవాలి. పాలసీ బాండు, డిశ్చార్జి ఫారం (సొమ్ము ముట్టినట్టు సంతకం చేసే కాగితం), రద్దు చేసిన చెక్కు ముందుగా ఇచ్చాం. గడువు తేదీ దాటగానే సొమ్ము బ్యాంకులో పడింది. అయితే పడింది 8,82,200. తగ్గిన 7,800 ఏమిటని అడిగితే కౌంటరులో ఉన్నాయన 'టీడీఎస్' (సొమ్ము ఇచ్చేవారే ముందుగా పట్టుకునే పన్ను) అని ఊరుకున్నారు. పాలసీ అమ్మేటప్పుడు ఏజెంటు గారు చెప్పిన మాట మాత్రం 'పైసా పన్ను ఉండదు' అని.

ఆ మాట ఈ పాలసీకి వర్తించదు. 2012 ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్న పాలసీకి 1961 ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 10(10డి) కింద పన్ను మినహాయింపు దక్కాలంటే ఏ ఏడాదీ ప్రీమియం బీమా మొత్తంలో 10 శాతం దాటకూడదు. 5 లక్షలు కట్టినప్పుడు బీమా 50 లక్షలు ఉండాలి. ఇక్కడ ఉన్నది 6.25 లక్షలే, అంటే ప్రీమియం 80 శాతం! ఇది బాండు మొదటి పేజీలోని రెండు అంకెలతో తేలిపోయే లెక్క. అమ్మేవారికి తెలియదంటే నేను నమ్మను. పాలసీదారు చనిపోతే కుటుంబానికి వచ్చే సొమ్ముకు ఈ షరతు లేదు, దాని మీద పన్ను పడదు. బతికుండి తీసుకునే వారికే ఈ చిక్కు.

కోత లెక్క సరైనదే. కట్టిన 5 లక్షలు పోను లాభం 3,90,000. దాని మీద 2 శాతం. 2024 అక్టోబరు 1కి ముందైతే 5 శాతం పట్టుకునేవారు. పాన్ ఇవ్వకపోతే 20 శాతం. ఇక్కడ చాలామంది పొరబడతారు: టీడీఎస్ పోయింది కాబట్టి పన్ను తీరిపోయిందనుకుంటారు. తీరదు. లాభమంతా ఆ ఏడాది ఆదాయంలో 'ఇతర ఆదాయం' కింద కలుస్తుంది, ఎవరి శ్లాబును (ఆదాయ స్థాయికి వర్తించే పన్ను రేటును) బట్టి వారు కట్టాలి. ఏడాదిలో వచ్చింది లక్ష లోపైతే కంపెనీ ఏమీ పట్టుకోదు. అయినా పాలసీకి మినహాయింపు లేకపోతే ఆ లాభాన్ని రిటర్నులో చూపాల్సిందే.

అమ్మ పెన్షను ఏడాదికి 3,60,000. లాభం కలిపితే 7,50,000. కొత్త పన్ను విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ (జీతం, పెన్షను ఉన్నవారికి ఇచ్చే స్థిర తగ్గింపు) 75,000 తీసేస్తే 6,75,000. ఆ ఏడాది 7 లక్షల ఆదాయం వరకు రిబేటు (లెక్కకు వచ్చిన పన్నును మాఫీ చేయడం) ఉంది కాబట్టి పన్ను సున్నా. మన పేరున పట్టుకున్న పన్నులన్నీ చూపే ఫారం 26ఏఎస్‌లో, బీమా సొమ్ము మీద టీడీఎస్‌కు సంబంధించిన సెక్షన్ 194డిఎ కింద కనిపించిన 7,800ను రిటర్నులో చూపించి వాపసు తెచ్చుకున్నాం. అసలు అమ్మ వయసుకు ముందే ఫారం 15హెచ్ (తమకు పన్ను పడదని పెద్దవాళ్లు ఇచ్చే ప్రకటన) ఇచ్చి ఉంటే కోతే ఉండేది కాదు. గడువు దగ్గర పడుతోందని కంపెనీ పంపిన ఉత్తరంలో ఆ ఒక్క వాక్యం రాస్తే ఎందరు పెద్దవాళ్లకు తిరుగుడు తప్పేది! పన్ను పట్టుకున్నట్టు ఇచ్చే ధ్రువపత్రం ఫారం 16ఎ కూడా అడిగితేనే ఇచ్చారు.

అమ్మ పాత పాలసీ ఒకటి ఏడాదికి 12,000 ప్రీమియం, 2 లక్షల బీమాతో ఉండేది. 6 శాతమే కాబట్టి దాని సొమ్ము పూర్తిగా మినహాయింపు కిందికి వచ్చింది. అలాంటి దాన్ని రిటర్నులో మినహాయింపు ఆదాయంగా చూపితే చాలు. మధ్యలో డబ్బు అవసరమై పాలసీ మీద అప్పు తీసుకున్నా అది ఆదాయం కాదు, పన్ను ఉండదు. గడువుకు ముందే పాలసీ వదులుకుని సొమ్ము తీసుకుంటే (సరెండరు) మాత్రం పైన చెప్పిన లెక్కే.

చెల్లింపుకు అయిదుకు నాలుగు మార్కులు, పన్ను సమాచారానికి ఒకటి. మొన్న అదే ఏజెంటు గారు మరో ఏకప్రీమియం పథకంతో వచ్చారు. బీమా మొత్తం ప్రీమియానికి పది రెట్లు ఉందా అని అమ్మే అడిగింది. లేదన్నారు. కాగితాలు తిరిగి ఇచ్చేసింది.