మేజోళ్ల కోసం కొన్న గుండ్రటి సూది: 2.5 మి.మీ., 80 సెం.మీ.

ఒడిశాలోని కోరాపుట్ జిల్లా సునాబెడాలో మార్గశిరం మొదలుకొని మాఘం దాటే వరకు తెల్లవారుజామున వట్టి కాళ్లతో గచ్చు మీద నడవడం సాధ్యం కాదు కనుక, మా ఇంట్లో ఊలు మేజోళ్లు అలంకారం కాదు, అవసరం. నేను వాటిని ఇంతకాలం నాలుగు సూదుల పద్ధతిలోనే అల్లుతూ వచ్చాను. రెండు వైపులా మొన ఉన్న మూడు సూదుల మీద కుట్లు త్రిభుజంలా నిలబడి ఉంటే, నాలుగవది వాటిని ఒక్కొక్కటిగా అల్లుకుంటూ చుట్టూ తిరుగుతుంది. కిందటి కార్తికంలో కోరాపుట్ నుంచి జయపురం దిగే ఘాట్ రోడ్డులో బస్సు ఒక మలుపు తిరిగినప్పుడు మూడవ సూది కుట్లలోంచి జారి ముందు సీటు కిందకు దొర్లిపోయింది, 16 కుట్లు ఆధారం లేకుండా నా ఒళ్లో మిగిలాయి. జయపురంలో దిగిన వెంటనే ఊలు దుకాణానికి వెళ్లి, జారిపడడానికి విడి సూదే ఉండని గుండ్రటి సూదిని కొన్నాను. ఆ సూదితో మూడు జతలు పూర్తి చేసిన తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను.

దుకాణదారు తెలుగువారే. "ఇది స్వెటర్ మెడ అల్లడానికి తీసుకుంటారమ్మా, మేజోళ్లకు ఇంతవరకు ఎవరూ అడగలేదు" అన్నారు. చలికాలంలో టిబెటన్లు వచ్చి వీధి పక్కన స్వెటర్లు పరుస్తుంటే ఇక్కడ సూదులు అడిగేవారే తక్కువ, కనుక ఆయన మాటలో తప్పు లేదు. సూది రెండు కొసలు అల్యూమినియం, వాటిని కలిపే తీగ నైలాన్. కొస నుంచి కొసకు పొడవు 80 సెంటీమీటర్లు, లావు 2.5 మిల్లీమీటర్లు. మన దుకాణాల్లో పాత అలవాటు ప్రకారం నంబరు చెప్పి అడిగేవారు 12వ నంబరు అంటే 2.75 అని, 13 అంటే 2.25 అని గుర్తుంచుకోవాలి. 2.5 ఆ రెండింటికీ నడుమ పడుతుంది కనుక మిల్లీమీటర్లలోనే అడగడం మేలు.

ఇంత పొడవు తీగతో ఇంత చిన్న గొట్టం ఎలా అల్లుతారన్నది మొదట అందరికీ వచ్చే సందేహం. కుట్లను సగం సగంగా పంచి, రెండు సగాల మధ్య నుంచి తీగను ఉచ్చులా బయటికి లాగి ఉంచాలి. ముందున్న సగం ఒక కొస మీదికి వస్తుంది, వెనక సగం తీగ మీద విశ్రాంతిగా ఉంటుంది, ఖాళీ అయిన రెండవ కొసతో ముందు సగాన్ని అల్లి, తిప్పి, మళ్లీ తీగను లాగాలి. దీనిని మ్యాజిక్ లూప్ అంటారు. అమెరికాలో 2002లో అచ్చయిన ఒక చిన్న పుస్తకంతో ఇది ప్రచారంలోకి వచ్చింది. చేతికి ఒక్క సాయంత్రంలో అలవాటైంది. నమూనాను ఈ పద్ధతికి మార్చుకోవడం మాత్రం నాకు ఒక మేజోడంత పని పెట్టింది.

నా నమూనా సాలూరులో ఉండే మా అత్తగారి నోటుపుస్తకంలోది. మొత్తం 64 కుట్లు, మొదటి సూది మీద 16, రెండవ దాని మీద 32, మూడవ దాని మీద 16. చుట్టు మొదలయ్యేది మడమ వెనక మధ్య నుంచి, అంటే మూడవ సూదికి, మొదటి సూదికి నడుమ. గుండ్రటి సూది మీద ఆ చోటు వెనక సగం మధ్యలో పడుతుంది, అక్కడ ఆగడానికి వీలుండదు కనుక చుట్టు ప్రారంభాన్ని పాదం పక్కకు, రెండు సగాలు కలిసే చోటికి జరుపుకోవాలి. అంత వరకు నేను సరిగానే చేశాను. మడమ దగ్గరికి వచ్చేసరికి నోటుపుస్తకంలో "మొదటి సూది 16 కుట్లు అల్లి, తిప్పి, 32 కుట్లు పర్ల్ చేయాలి" (పర్ల్ అంటే ఉల్టా కుట్టు) అని ఉంటే ఆలోచించకుండా అలాగే చేశాను. నా మొదటి 16 కుట్లు పాదం పైభాగానివి కనుక, 32 వరుసల మడమ పట్టీ మొత్తం అల్లి కాలికి తొడిగి చూస్తే మడమ చీలమండ పక్కన బుడిపెలా నిలబడింది. మా వారు అది జేబు అనుకున్నారు. విప్పేశాను.

కనుక ఈ సూది కొనేవారు ముందుగా నమూనాలోని "మొదటి సూది, రెండవ సూది" అన్న మాటలన్నింటినీ "పైభాగం, అరికాలు" అని మార్చి రాసుకోవాలి. రెండవ సూదే పైభాగం. మూడవది, ఆపైన మొదటిది, ఈ వరుసలో కలిపితే అరికాలు. మడమకు ముందు 16 కుట్లు అల్లమన్న వాక్యాన్ని కొట్టివేసి, పైభాగం అల్లిన వెంటనే అరికాలు సగంలోని 32 కుట్ల మీద పట్టీ మొదలుపెడితే చాలు. మడమ తిప్పడం, అంటే పట్టీ కింద మడమ పట్టేలా గుంట తేవడం, ఏ సూది మీదనైనా ఒక్కటే: 18 అల్లి, రెండు కలిపి, ఒకటి అల్లి తిప్పుతూ పోతే చివరికి 18 కుట్లు మిగులుతాయి. పట్టీ అంచుల నుంచి ఇటు 16, అటు 16 ఎత్తుకుంటే అరికాలు వైపు 50, పైన 32, మొత్తం 82. ఇక పక్క తగ్గింపుల దగ్గర నమూనా మొదటి సూది చివర ఒక తగ్గింపు, మూడవ సూది మొదట ఒక తగ్గింపు చెబుతుంది. గుండ్రటి సూది మీద మూడవ సూది భాగమే ముందు వస్తుంది కనుక పుస్తకంలో మూడవ సూదికి రాసిన తగ్గింపు ముందు, మొదటి సూదికి రాసినది తర్వాత చేయాలి. చుట్టు విడిచి చుట్టు తొమ్మిది సార్లు తగ్గిస్తే మళ్లీ 64 అవుతాయి. అంకె ఒక్కటి కూడా మారలేదని, మారింది చోటేనని గ్రహించడానికి నాకు రెండు రాత్రులు పట్టింది.

ఈ సూదిలోని ప్రధాన లోపం కూడా ఈ 50 కుట్ల దగ్గరే బయటపడింది. అరికాలు వైపు కుట్లు పెరిగినప్పుడు బయటికి లాగే ఉచ్చుకు 80 సెంటీమీటర్ల తీగ బొటాబొటిగా సరిపోతుంది, మూల కుట్లు సాగుతాయి. 100 సెంటీమీటర్లది దొరికితే అదే తీసుకోవాలి. రెండవ లోపం అతుకు. అల్యూమినియం కొస నైలాన్ తీగను కలిసే చోట వేలికి కూడా తెలియనంత చిన్న మెట్టు ఉంది, ఊలు పోగు మాత్రం దానిని ప్రతి చుట్టులోనూ పసిగట్టి తగులుకుంది. గోళ్లు నునుపు చేసే సన్నని ఆకురాయితో నాలుగు నిమిషాలు రుద్దిన తర్వాత ఆ బాధ చాలావరకు తగ్గింది కానీ, డబ్బు పెట్టి కొన్న వస్తువును ఇంటికి తెచ్చి మనమే చెక్కుకోవాలా అన్న చిరాకు తగ్గలేదు. కొనేముందు పొట్లం విప్పించి, దుకాణంలోని ఏ ఊలు ఉండ నుంచైనా పోగు తీసి అతుకు మీదుగా లాగి చూడండి, మా దుకాణదారు అభ్యంతరం చెప్పలేదు. తీగ పొట్లంలో చుట్టిన ఆకారంలోనే మొండిగా ముడుచుకొని వచ్చింది. బాగా వేడి నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, తిన్నగా లాగి పట్టుకుంటే చల్లారేసరికి దారికి వచ్చింది.

అల్లిక బిగువు గురించి ఒక హెచ్చరిక. విడి సూదుల మీద నాకు అంగుళానికి 8 కుట్లు పడేవి, 64 కుట్లకు 8 అంగుళాల చుట్టుకొలత వచ్చేది. మా వారి పాదం చుట్టూ 9 అంగుళాలు కనుక అది సాగి బిగువుగా పట్టేది. నున్నని ఈ అల్యూమినియం మీద నా చెయ్యి వదులై అంగుళానికి 7.5 కుట్లు పడ్డాయి, అదే 64 కుట్లకు చుట్టుకొలత ఎనిమిదిన్నరకు చేరి మొదటి జత చెప్పులో జారింది. రెండవ జతకు 60 కుట్లు వేశాను. నాలుగుతో నిశ్శేషంగా భాగమవుతుంది కనుక మేజోడు పై అంచున రెండు ప్లెయిన్ (మామూలు కుట్లు), రెండు పర్ల్ వేసే సాగుడు పట్టీకి ఇబ్బంది రాలేదు, సగానికి 30, మడమకు 30. కొలత చూసుకునే ముక్కను బల్లపరుపుగా కాక గుండ్రంగానే అల్లి కొలవాలి, ఎందుకంటే పర్ల్ వరుసలో చాలామంది చెయ్యి మరో తీరుగా ఉంటుంది.

మెచ్చుకోవలసినవి కూడా ఉన్నాయి. విడి సూదులు కలిసే మూడు చోట్ల నా మేజోళ్లకు కుట్లు సాగి ఎప్పుడూ పడే నిచ్చెన లాంటి గీతలు ఇప్పుడు రెండు చోట్లకు తగ్గాయి, ప్రతి సగంలో రెండవ కుట్టును గట్టిగా లాగితే అవీ ఉతికాక కనిపించడం లేదు. వేళ్ల దగ్గర 8, 8 కుట్లు మిగిలినప్పుడు అవి ఎదురెదురుగా సిద్ధంగా ఉంటాయి కనుక, కుట్లను వేరే సూదులకు మార్చకుండానే కుట్టు సూదితో మూసేయవచ్చు. నాలుగు సూదుల పద్ధతిలో నేను ఎక్కువసార్లు కుట్టు జార్చుకున్నది అక్కడే.

మూడవ జతను నేను అదే జయపురం బస్సులో, అదే ఘాట్‌లో అల్లాను. ఒక మలుపులో సంచీ, నీళ్ల సీసా, ఊలు ఉండ మూడూ కింద పడ్డాయి, కుట్లు మాత్రం తీగ మీద కదలకుండా ఉన్నాయి. అయిదుకు మూడున్నర మార్కులు ఇస్తాను. తగ్గించిన ఒకటిన్నరలో ఒక మార్కు అతుకుకు, అర మార్కు పొడవుకు. వంద సెంటీమీటర్లది తెప్పించమని దుకాణదారుకు చెప్పి వచ్చాను, సంక్రాంతి లోపల వస్తుందన్నారు.