ఆటగాడికి ఆటగాడా, ఆటగాడికి డ్రాఫ్ట్ పిక్‌లా: ట్రేడ్‌లో ఏది మేలు?

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో పేరున్న ఆటగాడిని తెచ్చుకోవాలనుకునే, జట్టు కూర్పు చూసే జనరల్ మేనేజర్ ముందు ప్రధానంగా రెండు దారులు ఉంటాయి. తన దగ్గరున్న ఆటగాడిని బదులు ఇవ్వడం ఒకటి, రాబోయే ఏళ్లలో తన జట్టుకు దక్కాల్సిన తొలి రౌండ్ డ్రాఫ్ట్ పిక్‌లను, అంటే ఏటా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే అవకాశాలను, వదులుకోవడం రెండోది (సాధారణంగా బలహీన జట్లకే ముందు స్థానాలు దక్కుతాయి). ఇరుపక్షాలకూ న్యాయం జరగాలంటే మొదటి దారే మేలని నా గట్టి అభిప్రాయం.

రెండో దారిలోని చిక్కు 2013లో బ్రూక్లిన్ నెట్స్, బోస్టన్ సెల్టిక్స్ మధ్య జరిగిన ఒప్పందంలో స్పష్టంగా కనిపిస్తుంది. 37 ఏళ్ల కెవిన్ గార్నెట్, 35 ఏళ్ల పాల్ పియర్స్, వారితోపాటు జేసన్ టెర్రీ కోసం నెట్స్ జట్టు కొందరు ఆటగాళ్లతో సహా 2014, 2016, 2018 తొలి రౌండ్ పిక్‌లను, 2017లో పిక్‌లు మార్చుకునే హక్కును (ఇరు జట్ల పిక్‌లలో మెరుగైనదాన్ని తీసుకునే హక్కు) బోస్టన్‌కు ఇచ్చేసింది. వరుసగా రెండు భవిష్యత్ సంవత్సరాల్లో తొలి రౌండ్ పిక్ లేకుండా ఏ జట్టూ మిగలకూడదన్న స్టెపియన్ నిబంధన ఉన్నా, మధ్య ఏడాదికి పిక్‌కు బదులు మార్పిడి హక్కు ఇవ్వడంతో ఆ నిబంధన ఉద్దేశం నీరుగారిపోయింది. అంతకన్నా బాధాకరమైన విషయం, పిక్ మరీ పైస్థానంలో వస్తే తమకే మిగిలేలా రక్షణ షరతు పెట్టకపోవడం. పియర్స్ ఒక్క సీజన్‌కే వెళ్లిపోయాడు, గార్నెట్‌ను 2015లో మిన్నెసోటాకు పంపేశారు, 2016–17లో నెట్స్ 20 మ్యాచ్‌లు మాత్రమే గెలిచింది. జట్టు ఓడేకొద్దీ అది ఇచ్చేసిన పిక్ విలువ పెరుగుతుంది కనుక నష్టం రెండింతలైంది. 2016 పిక్‌తో జేలెన్ బ్రౌన్‌ను తీసుకున్న బోస్టన్, 2017లో దక్కిన మొదటి స్థానాన్ని ఫిలడెల్ఫియాకు ఇచ్చి మూడో స్థానంలో జేసన్ టాటమ్‌ను ఎంచుకుంది. ఆ ఇద్దరితోనే 2024లో టైటిల్ గెలిచింది.

2022 ఫిబ్రవరిలో శాక్రమెంటో, ఇండియానా చేసుకున్న ట్రేడ్ స్వభావం వేరు. శాక్రమెంటోలో డియారన్ ఫాక్స్, టైరీస్ హాలిబర్టన్ ఇద్దరూ పాయింట్ గార్డులే (జట్టు ఆటను నడిపించేవారు) కావడంతో హాలిబర్టన్‌ను వదిలి డొమాంటాస్ సబోనిస్‌ను తెచ్చుకున్నారు. మరుసటి సీజన్‌లోనే శాక్రమెంటో 2006 తర్వాత తొలిసారి ప్లేఆఫ్స్ చేరింది. హాలిబర్టన్ సారథ్యంలో ఇండియానా 2025 ఫైనల్స్ ఆడింది. వయసు, సామర్థ్యం చూస్తే ఇండియానాకే ఎక్కువ లాభమని నేనూ ఒప్పుకుంటాను. అయినా ఏ ఆటగాడి సత్తా ఏమిటో ఇరు జట్లకూ తెలిసే ఆ మార్పిడి జరిగింది కనుక దాన్ని అన్యాయమనలేను.

ఈ దారీ సులువేమీ కాదు. ఇచ్చిపుచ్చుకునే ఆటగాళ్ల జీతాల లెక్క కుదరాలి, ఎదుటివారికి పనికొచ్చే ఆటగాడు మన దగ్గర ఉండాలి. అలా లేనప్పుడు పిక్‌లు తప్పవు. 2019లో పాల్ జార్జ్ కోసం క్లిప్పర్స్ యువ ఆటగాడు షాయ్ గిల్జస్-అలెగ్జాండర్‌తోపాటు ఐదు తొలి రౌండ్ పిక్‌లను ఓక్లహోమా సిటీకి ఇచ్చింది. స్టార్ ఆటగాడు కవై లెనర్డ్ కూడా జతకలుస్తున్నాడు కనుక వారి గెలుపు ఆశకు ఆధారం ఉంది. క్లిప్పర్స్ 2021లో తొలిసారి వెస్ట్ (పశ్చిమ విభాగం) ఫైనల్స్ చేరింది కూడా. అలాంటి పరిస్థితిలో సైతం ప్రతి పిక్‌కూ రక్షణ షరతు అడగాలి, ఎదుటి జట్టు ఒప్పుకోకపోతే ఇచ్చే పిక్‌ల సంఖ్యనైనా తగ్గించాలి.