నికాన్ జెడ్ ఎఫ్‌సీ: రీలు కెమెరా వదిలేసి ఏళ్లయినవారికి

1982 నాటి ఎఫ్‌ఎం2 రీలు కెమెరా రూపాన్నే తీసుకుని నికాన్ 2021లో ఈ డిజిటల్ కెమెరాను తెచ్చింది. పైన ఎడమవైపు ఐఎస్ఓ (వెలుతురుకు స్పందించే వేగం) చక్రం, కుడివైపు షట్టర్ స్పీడు చక్రం, దాని పక్కన ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (మీటరు చెప్పినదానికన్నా వెలుతురు పెంచే, తగ్గించే చక్రం). రీలు కెమెరా పట్టిన చేతికి ఇది అరగంటలో అలవాటవుతుంది. కానీ వెలుతురు లెక్క మాత్రం తిరగేసి నేర్చుకోవాలి. అసలు కష్టం అక్కడే.

నెగటివ్ రీలుకు వెలుతురు ఒక స్టాప్ (అంటే రెట్టింపు) ఎక్కువ తగిలినా ప్రింటు వేసేటప్పుడు సర్దుకునేది. తక్కువైతేనే నీడల్లో ఏమీ మిగిలేది కాదు. రీలు బదులు వెలుతురును పట్టే డిజిటల్ సెన్సర్ దీనికి ఉల్టా. పొందూరు ఖద్దరు పంచె కట్టిన పెద్దాయన్ని పదకొండు గంటల ఎండలో తీసి చూడండి. ముఖానికి సరిపోయేలా మీటరు పెడితే పంచె మీద నేత, మడత ఏవీ ఉండవు, తెల్లకాగితం అతికించినట్టు వస్తుంది. అక్కడ సెన్సర్ నిండిపోయింది, ఇక ఏ సాఫ్ట్‌వేరూ ఆ నేతను వెనక్కి తేలేదు. కాంపెన్సేషన్‌ను మైనస్ 2/3కి తిప్పి, రా ఫార్మాట్‌లో (సెన్సర్ పట్టినదంతా దాచే ఫైలు) తీయండి. ముఖం మీది నీడను తర్వాత కంప్యూటర్లో పైకి తెచ్చుకోవచ్చు. ప్లేబ్యాక్ డిస్‌ప్లే ఆప్షన్లలో హైలైట్స్ దగ్గర టిక్ పెట్టుకుంటే, తెలుపు చెడినచోట తెర మీద మిణుకుమంటుంది. బూడితి ఇత్తడి చెంబు మీద మెరుపు చుక్క మిణుకుమంటే వదిలేయండి, అది ఎలాగూ తెలుపే. పంచె అంతా మిణుకుమంటే మళ్లీ తీయాల్సిందే.

విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను దగ్గర ఈ లెక్క మారుతుంది. మాను చివర కూర్చున్న పూజారి వెనకంతా ఆకాశమే కాబట్టి మీటరు ఆకాశాన్ని చూసి మనిషిని నల్లబొమ్మ చేస్తుంది. అక్కడ ప్లస్ 1 ఇచ్చి, ఆకాశం తెల్లబోతే పోనివ్వండి. మాను ఊగుతూ కదులుతుంది, షట్టర్ 1/500కి తగ్గకూడదు.

రీలు అలవాటున్నవారు ఎక్కువగా తడబడేది చక్రాల దగ్గరే. ఐఎస్ఓ చక్రం కింద ఆటో, పీ, ఎస్, ఏ, ఎమ్ అని చిన్న మీట ఉంటుంది. అది ‘ఏ’ (ఎపర్చరు, అంటే లెన్సు కన్నం, మనం పెడితే స్పీడు కెమెరా పెట్టుకునే పద్ధతి) మీద ఉంటే షట్టర్ చక్రం ఎంత తిప్పినా స్పీడు మారదు. కెమెరా పాడైందని కంగారుపడకండి, మీటను ‘ఎమ్’కి (రెండూ మనమే పెట్టే పద్ధతి) జరపండి. మెనూలో ఆటో ఐఎస్ఓ ఆన్‌లో ఉంటే, మీరు 400 పెట్టినా వెలుతురు తగ్గగానే కెమెరా తనంతట తానే పెంచేస్తుంది. మొదటి రోజే దాన్ని ఆఫ్ చేయడం మంచిది.

రంగు విషయంలో పాత అలవాటే మేలు. కళింగపట్నం తీరంలో సూర్యోదయాన్ని ఆటో వైట్ బ్యాలెన్స్‌లో (వెలుతురు రంగును కెమెరాయే సరిదిద్దే పద్ధతి) తీస్తే ఆ ఎరుపును కెమెరా దోషమనుకుని చల్లార్చేస్తుంది. డైరెక్ట్ సన్‌లైట్ పెడితే పగటి వెలుతురు రీలు లాగా పనిచేసి, కంటికి కనిపించిన ఎరుపు నిలుస్తుంది.

పాత నికాన్ లెన్సులు వాడాలంటే వాటిని ఈ బాడీకి కలిపే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ కొనాలి. 1977 నుంచి వచ్చిన ఏఐ రకం లెన్సులు బిగుస్తాయి. ఫోకస్ మాత్రం చేత్తోనే. 50 ఎంఎం ఎఫ్/1.8డీ లాంటి పాత ఆటోఫోకస్ లెన్సులకూ అంతే, ఎందుకంటే వాటిని తిప్పే మోటారు అడాప్టర్‌లో లేదు. సెటప్ మెనూలో లెన్సు మిల్లీమీటర్లు, గరిష్ఠ ఎపర్చరు నమోదు చేయండి. పాత వ్యూఫైండర్‌లో రెండు ముక్కలై కలిసే బొమ్మ ఇందులో లేదు. దాని బదులు ఫోకస్ పీకింగ్ (ఫోకస్ కుదిరిన అంచులకు రంగు వేసి చూపేది) పెట్టుకుని, ఎపర్చరు పూర్తిగా తెరిచి అంచులు ఎర్రగా మెరిసేదాకా తిప్పి, ఆ తర్వాత ఎఫ్/5.6కి మూయండి. సెన్సర్ రీలు ఫ్రేమ్ కన్నా చిన్నది కాబట్టి 50 ఎంఎం లెన్సు 75లా చూపిస్తుంది. బాడీలో కుదుపు ఆపే ఏర్పాటు లేదు, అందుకే చేత్తో పట్టుకుంటే 1/125 నుంచి మొదలుపెట్టండి. కిట్‌లో వచ్చే 16-50 లెన్సుకు ఆ ఏర్పాటు ఉంది. ఆ లెన్సు మీద ఎపర్చరు అంకెలు ఉండవు. ఆ నంబరు బాడీ పైన చిన్న గళ్లో కనిపిస్తుంది.

ముందువైపు పట్టు లేదు. బరువైన జూమ్ తగిలిస్తే చేతిలోంచి జారుతున్నట్టే ఉంటుంది. బ్యాటరీకి దాదాపు 300 ఫొటోలు, పండగ రోజైతే రెండోది జేబులో ఉండాలి.

దుమ్ము విషయంలో రీలే నయం. మీట తిప్పితే మచ్చ పడిన ఫ్రేమ్ ముందుకు పోయి కొత్తది వచ్చేది. సెన్సర్ ఒక్కటే కాబట్టి ఒక రేణువు పడితే ప్రతి ఫొటోలో ఒకేచోట మచ్చ పడుతుంది, ఎఫ్/16లో ఆకాశం తీసినప్పుడు బాగా బయటపడుతుంది. తీరంలో ఇసుక గాలి వీస్తున్నప్పుడు లెన్సు మార్చొద్దు. తప్పకపోతే కెమెరా మూతి కిందికి వంచి మార్చండి. దుమ్ము పోవడానికి రబ్బరు బ్లోయర్ వాడండి, నోటితో ఊదితే తుంపర పడుతుంది.

బీరువాలోంచి తీసిన లెన్సును బిగించేముందు వెనకనుంచి టార్చి వేసి చూడండి. మన తీరపు తేమకు లోపల సాలెగూడులాంటి బూజు పట్టి ఉంటే, అడాప్టర్ కొనకముందే దాన్ని బాగుచేయించుకోవాలి.