పొద్దున్నే ఢిల్లీ బులెటిన్: బాపట్ల వరి రైతు ఇంటి నుంచి ఒక రివ్యూ

భారత వాతావరణ శాఖ రోజూ ఇచ్చే అఖిల భారత బులెటిన్‌ని నేను 2023 డిసెంబరు నుంచి వదలకుండా చదువుతున్నాను. మాది బాపట్ల పక్కన పల్లెటూరు. నాలుగెకరాలు కౌలు, అంతా సాంబ మసూరి, 5204 రకం. పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి ఫోన్ తీస్తాను. "అమ్మాయ్, ఢిల్లీ కబురేంటి?" అని మామయ్యగారు అరుగు మీద నుంచే అడుగుతారు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆయన కుర్రాడు. సముద్రం మాట వస్తే ఇప్పటికీ తింటున్న కంచం పక్కన పెట్టి వింటారు.

ఇందులోకి నేనెలా వచ్చానో ముందు చెప్పాలి. ఆ ఏడాది నవంబరు చివర్లో మా చేను కోతకొచ్చింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. నా ఫోన్‌లో ఉన్న ఒక వాతావరణ యాప్ వారమంతా ఎండ బొమ్మే చూపించింది. కూలీలు దొరకడమే గగనంగా ఉందని, దొరికిన రోజున రెండెకరాలు కోయించేశాం. పనలు చేలోనే ఆరుతున్నాయి. 30వ తేదీ సాయంత్రం విశాఖలో ఉండే మా తమ్ముడు ఒక పీడీఎఫ్ పంపి, "అక్కా, ఎండ బొమ్మలు చూడటం ఆపి ఇది చదువు" అన్నాడు. అండమాన్ సముద్రం వైపు ఉన్న అల్పపీడనం బలపడుతోందని, వాయుగుండమై ఆ తర్వాత తుపానుగా మారుతుందని అందులో ఉంది. మా ఊళ్లో అప్పటికి గాలి కూడా లేదు.

1వ తేదీన వాయుగుండం, 2న తీవ్ర వాయుగుండం, 3న తుపాను. పేరు మిచౌంగ్. మన పత్రికలు మిగ్‌జాం అని కూడా రాశాయి. నెల్లూరు, మచిలీపట్నం మధ్య తీరం దాటుతుందన్న మాట చూశాక ఇక ఆగలేదు. ఆ రాత్రి మా ఆయన, మా బావగారు, నేను, ఇంకో నలుగురం కలిసి ట్రాక్టరు లైటు వెలుగులో పనలన్నీ మోసి గట్టు మీద కుప్ప వేశాం. వరసకొకసారి ఉప్పు చల్లి, పైన బరకం కప్పి, తాళ్లకు ఇటుకలు కట్టాం. 5వ తేదీ మధ్యాహ్నం పన్నెండున్నరకూ రెండున్నరకూ మధ్య తుపాను బాపట్లకు దక్షిణంగా తీరం దాటింది. గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల గాలి. మా పెంకుల్లో సగం ఎగిరిపోయాయి. కుప్ప నిలిచింది.

కోయని రెండెకరాలు మాత్రం నేలకు ఒరిగిపోయాయి. నాలుగో రోజున మోకాలి లోతు నీళ్లలోకి దిగి ఒక కంకి పైకి తీశాను. గింజ గింజకీ తెల్లటి మొలక, సూది మొన అంత. వేలితో తాకితే మెత్తగా జారిపోయింది. కంకి ఎత్తగానే పులిసిన గంజి వాసన కొట్టింది. లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి చల్లమని వ్యవసాయం వాళ్లు చెబితే చల్లాం, కానీ అప్పటికే ఆలస్యమైంది. తేమ 17 శాతం దాటితే కొనుగోలు దగ్గర పేచీ, ఇక మొలకలొచ్చిన ధాన్యం సంగతి చెప్పక్కర్లేదు. ఆ రోజు గట్టు మీద నిలబడి, మళ్లీ బొమ్మ చూసి పంట కోయనని అనుకున్నాను.

ఇక బులెటిన్ విషయానికొస్తాను. రోజుకు నాలుగుసార్లు వస్తుంది, పైసా ఖర్చు లేదు, వాతావరణ శాఖ వెబ్‌సైట్లో దొరుకుతుంది. మొదటిసారి తెరిస్తే కళ్లు తిరుగుతాయి. హిమాలయాల్లో మంచు, రాజస్థాన్‌లో ధూళి, అసోంలో వాన, మనకెందుకు ఇదంతా అనిపిస్తుంది. నాకు అవసరమైంది బంగాళాఖాతం పేరాలు. ఉపరితల ఆవర్తనం (పైన గాలి సుడి తిరగడం) ఎక్కడుంది, ద్రోణి (గాలి ఒత్తిడి తగ్గిన పొడవాటి పట్టీ) ఎటు నుంచి ఎటు సాగింది, అల్పపీడనం ఎప్పటికి ఏర్పడవచ్చు అన్నది అక్కడే ఉంటుంది. జిల్లా సూచన మా మీద ఏం పడుతుందో చెబుతుంది. బులెటిన్ అది ఎక్కడ పుడుతోందో చెబుతుంది. కోతల కాలంలో నాకు ఆ రెండోదే ముఖ్యం, ఎందుకంటే కూలీలతో, మిషన్ వాళ్లతో మాట్లాడుకోవడానికి నాలుగు రోజులు చేతిలో ఉండాలి. దీనికి తోడు వచ్చే 7 రోజుల్లో సముద్రం మీద వాయుగుండం ఏర్పడే అవకాశం తక్కువా, మధ్యస్థమా, ఎక్కువా అని చెప్పే మరో నివేదిక కూడా రోజూ ఇస్తారు. నవంబరు, డిసెంబరుల్లో అది చూడకుండా నేను ఎవరికీ బయానా ఇవ్వను.

మాటల్ని కూడా సరిగ్గా పట్టుకోవాలి. "భారీ వర్షం" అంటే ఊరికే పెద్ద వాన అని కాదు. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 దాటితే అత్యంత భారీ. ఆ 24 గంటలు కూడా పొద్దున ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా లెక్క. "ఒకటి రెండు చోట్ల" అన్నది ఇంకా ముఖ్యం. ఆ ప్రాంతంలోని వానమాపక కేంద్రాల్లో పాతిక శాతం లోపు చోట్ల పడుతుందని దాని అర్థం. ఇది తెలియక మా వీధిలో "చెప్పారు గానీ పడలేదు" అని తిట్టుకునేవాళ్లు చాలామంది. పక్క మండలంలో పడే ఉంటుంది.

హెచ్చరికలకు వేసే రంగుల దగ్గర మాత్రం జాగ్రత్త. ఆకుపచ్చ అయితే భయం లేదు, పసుపు అయితే గమనిస్తూ ఉండాలి, నారింజ అయితే సిద్ధంగా ఉండాలి, ఎరుపు అయితే వెంటనే కదలాలి. కానీ రంగు జిల్లా మొత్తానికీ ఒకటే. సముద్రం ఒడ్డున ఉన్న సూర్యలంకకీ, లోపలున్న పర్చూరుకీ ఒకే నారింజ. అందుకే రంగు చూసి ఆగిపోకుండా కింద రాసింది చదవమంటాను. పెద్ద లోటు భాషది. అఖిల భారత బులెటిన్ ఇంగ్లిష్‌లో, హిందీలో ఉంటుంది. డిగ్రీ చదివిన నాకే మొదటి నెల డిక్షనరీ పక్కన పెట్టుకోవాల్సి వచ్చింది. మామయ్యగారి వయసు వాళ్లకు నేను చదివి వినిపిస్తే తప్ప దారి లేదు. ఆ సముద్రం పేరాల వరకైనా రోజూ తెలుగులో ఇస్తే తీరం వెంబడి ఎంతమంది రైతులకు, వేటకెళ్లేవాళ్లకు మేలు జరుగుతుందో!

ఆపద దగ్గరపడ్డాక బులెటిన్ ఒక్కటే సరిపోదు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వాళ్ల సచేత్ యాప్ పెట్టుకోండి. మనం ఉన్న చోటును బట్టి హెచ్చరిక పంపుతుంది, తెలుగు ఎంచుకోవచ్చు. పిడుగులకు దామిని యాప్ ఉంది, పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ వాళ్లది. నాట్ల కాలంలో ఫోన్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి గట్టు మీద ఉంచుతాం. దగ్గర్లో పిడుగులని మోగితే ఆడవాళ్లమంతా నారు కట్టలు అక్కడే వదిలేసి బడి వరండాలోకి వెళ్లిపోతాం. మేస్త్రి కూడా ఇప్పుడు ఏమీ అనడు. వాయుగుండం తుపానుగా మారాక బులెటిన్ 3 గంటలకోసారి వస్తుంది, తీరం దగ్గరపడితే గంట గంటకూ కబురు ఇస్తారు. కరెంటు పోకముందే ఫోన్లు నిండా చార్జింగ్ పెట్టుకోవాలి. మా ఇంట్లో తలుపు వెనక సుద్దముక్కతో ఆపదలో ఫోన్ చేయాల్సిన నంబర్లు 112, 1070 అని రాసి ఉంటుంది.

అయిదుకు నాలుగున్నర ఇస్తాను. తగ్గించిన అర భాషకే.

కిందటి కోతల్లో పక్క చేను పిన్నిగారు నాకంటే ముందే ఫోన్ చేశారు. "కోడలా, అండమాన్ దగ్గర ఏమైనా ఉందా? మిషన్ వాడు రేపు రమ్మంటావా అంటున్నాడు." చదివి చెప్పాను. ఏమీ లేదు, కోయించుకోండి అన్నాను. అయినా బరకాలు దులిపి గట్టు మీద పెట్టే ఉంచారు, మా దాని పక్కనే.