బ్యాటరీ పార్కులో 180 డాలర్లు పోయాయి, ఆర్చర్డ్ వీధిలో కడుపు నిండింది

న్యూయార్క్ వెళ్ళే మనవాళ్ళకు ముందుగా ఒక మాట. బ్యాటరీ పార్కు దగ్గర సబ్‌వే మెట్లెక్కి బయటికి రాగానే, మెడలో కార్డు, ఒంటిమీద రంగు జాకెట్ వేసుకున్నవాళ్ళు "స్టాట్యూ, ఎల్లిస్ ఐలాండ్" (స్వేచ్ఛా విగ్రహం, ఒకప్పుడు వలస వచ్చినవాళ్ళను తనిఖీ చేసిన దీవి) అంటూ చుట్టుముడతారు. వాళ్ళ దగ్గర టికెట్ కొనకండి. మేం కొన్నాం. నేను, మా ఆవిడ, వాళ్ళక్క, మనిషికి 60 చొప్పున మొత్తం 180 డాలర్లు. "దీవిలో దించుతారా?" అని రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ అమ్మినవాడు తలూపాడు. వ్యానులో ఇంకో రేవుకు తీసుకెళ్ళి పడవెక్కించారు. అది విగ్రహం ముందు పది నిమిషాలు ఆగి వెనక్కి తిరిగింది. ఎల్లిస్ దీవిలోని ఎర్ర ఇటుకల భవనం, దాని నాలుగు గుమ్మటాలు దూరం నుంచే కనబడి మాయమయ్యాయి. టికెట్ మీదున్న నంబరుకు ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు. ఆ రాత్రి మా ఆవిడ నాతో మాట్లాడలేదు.

అసలు టికెట్లు అమ్మేది ఆ పార్కులోనే ఉన్న క్యాజిల్ క్లింటన్ అనే గుండ్రటి పాత కోటలో. మర్నాడు అక్కడ కొంటే మనిషికి పాతిక డాలర్ల చిల్లర. రెండు దీవులూ, ఆడియో గైడూ అందులోనే.

ఎల్లిస్ దీవి తెరవకముందు, 1855 నుంచి 1890 దాకా, వలస వచ్చినవాళ్ళు దిగింది ఈ కోటలోనే. అంతకుముందు ఓడ దిగీ దిగగానే దళారులు పట్టుకునేవారు. సొంత భాషలో పలకరించి, సామాను లాక్కుని, అద్దె గుంజే బసలకు తోలేవారు. చెల్లని రైలు టికెట్లు అంటగట్టేవారు. ఆ దోపిడీ ఆపడం కూడా ఈ కోటను వలసదారుల కేంద్రంగా మార్చడానికి ఒక కారణం. ఆ సంగతి తెలిశాక నా కోపం ఇంకా పెరిగింది. నాకు పోయింది 180 డాలర్లు, రాత్రికి పక్క రాష్ట్రం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో వదినగారబ్బాయి ఇల్లుంది. ఆ వలసవచ్చినవాళ్ళకు పోయింది ఉన్న నాలుగు రాళ్ళూ, పైగా ఊళ్ళో తెలిసిన మనిషి లేడు.

ఎల్లిస్ దీవికి సగం రోజైనా పెట్టుకోండి. పైహాలుకు మెట్లెక్కుతున్నప్పుడే డాక్టర్లు మనుషుల్ని కనిపెట్టేవారు. ఆయాసపడితే, మళ్ళీ పరీక్షించడానికి కోటు మీద సుద్దముక్కతో గుర్తు పడేది. 1892 నుంచి 1954 దాకా కోటీ ఇరవై లక్షల మంది ఇలా వచ్చారు. మొదటి, రెండో తరగతివాళ్ళను ఓడలోనే చూసి పంపేసేవారు, ఈ మెట్లు అడుగు తరగతివాళ్ళకే. మనవాళ్ళ జాడ కోసం ఇక్కడ వెతక్కండి. 1917 చట్టం మనవైపు నుంచి వలసను మూసేసింది. మనం గుంపులుగా వచ్చింది ఆ తలుపు తెరిచిన 1965 చట్టం తర్వాత, అదీ విమానాల్లో.

మూడోరోజు ఆర్చర్డ్ వీధిలో టెనెమెంట్ మ్యూజియం, అంటే పేద వలసదారులు అద్దెకున్న ఇళ్ళను చూపించే చోటు. టికెట్ 30 డాలర్లు, ఒక్క సెంటు దండగ కాదు. మేం చూసిన పాత ఇంట్లో లిఫ్టు లేదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ముందే ఆలోచించుకోండి. 97 నంబరున్న ఆ ఇల్లు 1863లో ఒక జర్మన్ దర్జీ కట్టించింది. అంతస్తుకు నాలుగు వాటాలు, వాటాకు 325 చదరపు అడుగులు, అంటే మన లెక్కలో 36 గజాలు. అందులోనే మూడు గదులు. పడకగదికి బయటికి కిటికీ లేదు. వెలుగు కోసం లోపలి గోడకు కిటికీ కోశారు. అద్దె ఇళ్ళకు వసతులు తప్పనిసరి చేసిన 1901 చట్టం వచ్చాకే లోపలికి మరుగుదొడ్లు వచ్చాయి. 1935లో యజమాని మరమ్మతులు చేయించలేక పైవాటాలు ఖాళీ చేయించాడు. అర్ధశతాబ్దం అలా మూసి ఉండబట్టే గోడకాగితాల పొరలు ఇప్పటికీ ఒకదాని కింద ఒకటి కనిపిస్తున్నాయి.

పోలండ్ నుంచి వచ్చిన లెవిన్ కుటుంబం వాటాలో వదిన ఆగిపోయింది. 1890ల్లో ఆ ముందుగదే వాళ్ళు బట్టలు కుట్టే కార్ఖానా. కిటికీ పక్కన కుట్టుమిషను, వంటింట్లో పొయ్యి మీద ఇస్త్రీపెట్టెలు. పిల్లలు పుట్టిందీ పెరిగిందీ ఆ గుడ్డపేలికల మధ్యే. వదిన వాళ్ళ మామగారు తెనాలిలో దర్జీ. "మా అత్తగారు కూడా ఇట్లాగే, పొయ్యి మీద అన్నం దించి ఇస్త్రీపెట్టెకు బొగ్గులు తీసేది" అంది. వదిన ఏమన్నదని గైడు అడిగితే నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆ అమ్మాయి తర్వాతి గదికి తొందరపెట్టకుండా ఆగింది. ఈ యాత్రలో నాకు నచ్చిన మనిషి ఆమే.

భోజనానికి హౌస్టన్ వీధిలో (పలకడం హౌస్టనే, హ్యూస్టన్ కాదు) యూదుల క్నిష్ తిన్నాం. బంగాళాదుంప కూర లోపల పెట్టి కాల్చినది. మావాళ్ళకు ఆవకాయ లేదన్న లోటు తప్ప ఏమీ లేదు. అక్కడికి నడిచి వెళ్ళే దూరంలో ఎల్డ్రిడ్జ్ వీధిలో 1887 నాటి యూదుల ప్రార్థనామందిరం ఉంది. చుట్టూ బోర్డులన్నీ చైనీస్ అక్షరాలే.

చివరిరోజు మళ్ళీ బ్యాటరీ పార్కు మీదుగా వెళ్ళాం. అవే జాకెట్లు. ఒక నేతచీర పెద్దావిడ, కొడుకు, కోడలు వాళ్ళ మధ్య నిలబడి పర్సు తీస్తున్నారు. నేను అనేలోపే వదిన గబగబా వెళ్ళి, "అమ్మా, ఆ గుండ్రటి కోట లోపల కొనుక్కోండి" అంది. వాళ్ళది నిజామాబాద్ అట.