పిల్లల బరువు దుప్పటి: కొనడమా, కుట్టించడమా?

ఆటిజం ఉన్న బిడ్డకో, రాత్రిళ్లు కుదురుగా పడుకోలేని బిడ్డకో బరువు దుప్పటి (ఒంటిపై మెల్లగా ఒత్తిడి కలిగేలా లోపల పూసలు నింపి బరువుగా కుట్టిన దుప్పటి) వాడాలనుకునే వరంగల్ తల్లిదండ్రులు దానిని ఆన్‌లైన్‌లో కొనవచ్చు, లేదా ఇక్కడే దర్జీ చేత కుట్టించవచ్చు.

కొన్న దుప్పటిలో సన్నని గాజు పూసలు చిన్న చిన్న గళ్లలో సమంగా ఉంటాయి కనుక బరువు ఒకవైపుకు జారదు. అయితే పైబట్ట పాలిస్టర్ అయితే మన మే నెల ఉక్కలో బిడ్డ దానిని భరించడం కష్టం, పైగా బరువులు కొన్ని నిర్ణీత కొలతల్లోనే దొరుకుతాయి.

కుట్టించేటప్పుడు మెత్తని నూలు బట్టను ఎంచుకుని, బరువును బిడ్డకు తగినట్టు నిర్ణయించుకోవచ్చు. సాధారణంగా పాటించే లెక్క శరీర బరువులో సుమారు 10 శాతం, అంటే 20 కిలోల బిడ్డకు 2 కిలోలు. దాదాపు 10 సెంటీమీటర్ల గళ్లు కుట్టి, ప్రతి గడిలో పూసలను తూచి పోసి, అంచులకు రెండు వరుసల కుట్టు వేయించాలి. బియ్యమో పెసలో నింపితే ఉతకడం కుదరదు, పురుగు పడుతుంది. కొత్తవాడ జంపఖానాను మడిచి కప్పితే చాలదా అనిపించవచ్చు గాని, అది నేలపై పరిచేందుకు నేసినది, పసి ఒంటికి గరుకు.

నా మొగ్గు కుట్టించడం వైపే. బ్రిటన్‌లో ఆటిజం ఉన్న పిల్లలపై జరిగి 2014లో వెలువడిన పరిశోధనలో ఈ దుప్పటి నిద్రను పెంచలేదు, కాని పిల్లలు దానిని ఇష్టపడ్డారు. కనుక అది ఒంటికి హాయిగా ఉండడమే ముఖ్యం.

ఏదైనా సరే, శిశువులకు, దుప్పటిని తమంతట తాము తొలగించుకోలేని పిల్లలకు కప్పకూడదు. ఉబ్బసం, మూర్ఛ ఉన్నవారి విషయంలో ముందే డాక్టరును అడగాలి.