పాత ఎంజీబీకి స్టీల్ బ్రేక్ హోసులు: చెన్నైలో ఏళ్లపాటు వాడాక

నాది 1967 నాటి ఎంజీబీ, బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, నాలుగు చక్రాల బ్రేకులకూ కలిపి ఒకటే ఆయిల్ సర్క్యూట్. కత్తిపారా ట్రాఫిక్‌లో కాసేపు పాకితే చాలు, ముందు కుడి చక్రం పట్టేసేది. పెడల్ వదిలినా బండి కదలనని మొరాయించేది, చక్రం దగ్గర మాడు వాసన. చల్లారాక ఏమీ ఎరగనట్టు తిరిగేది.

ఒక గ్యారేజీలో ముందు క్యాలిపర్లు (పిస్టన్‌తో ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాలు) రెండూ మార్చాల్సిందేనన్నారు, తెరిచి చూడకుండానే! మా మెకానిక్ నెల్లూరు మనిషి. "వాటి జోలికి పోకండి సార్, పట్టేసినప్పుడే నిపుల్ వదిలి చూద్దాం" అన్నాడు. జాకీ ఎత్తి, క్యాలిపర్ మీద ఆయిల్ బయటికి వదిలే చిన్న మర, అదే బ్లీడింగ్ నిపుల్, కాస్త వదలగానే బ్రేక్ ఆయిల్ చిమ్మింది, చక్రం తిరిగింది. అంటే పిస్టన్ తుప్పు పట్టలేదు, ప్రెషర్ లోపల చిక్కుకుంది. నిపుల్ బిగించి, పెడల్ తొక్కి మళ్లీ పట్టేలా చేసి, ఈసారి క్యాలిపర్‌కు ఆయిల్ తెచ్చే రబ్బరు గొట్టానికి, అంటే హోసుకు, పైనున్న యూనియన్ (ఇనుప పైపుతో కలిపే మర) వదిలాడు. చక్రం కదల్లేదు. దొంగ హోసేనని తేలింది.

ఆ హోసు పైకి నల్లగా నిగనిగలాడుతోంది. నిలువునా కోస్తే లోపలి రబ్బరు ఉబ్బి, ఒక పొర తొక్కలా లేచి ఉంది. కాలి బలానికి ఆయిల్ దాన్ని తోసుకుని వెళ్లేది, తిరిగి రావడానికి ఆ బలం ఉండదుగా.

అప్పుడు వేయించినవే ఈ స్టీల్ అల్లిక హోసులు. లోపల టెఫ్లాన్ గొట్టం. ఇన్ని వానాకాలాలు గడిచినా చక్రం మళ్లీ పట్టేయలేదు. పెడల్ కొంచెం గట్టిపడింది, అంతే. బండి తక్కువ దూరంలో ఆగిపోతుందని ఆశ పెట్టుకోవద్దు. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, అల్లిక దేనికైనా రాసుకుంటోందేమో చూసుకోవాలి. జనరల్ పాటర్స్ రోడ్డు స్పేర్ పార్టుల షాపుల్లో "ఇదీ సరిపోతుంది" అని ఇచ్చే హోసుతో జాగ్రత్త: మన బండి మరలు అంగుళాల లెక్క. మిల్లీమీటర్ల మరలో ఎక్కినట్టే ఎక్కుతుంది కానీ పట్టు ఉండదు. ఆయిల్ కూడా ఏటా మారుస్తున్నాను. నేను వాడే డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుంటుంది, 230 డిగ్రీలు దాటితే గానీ మరగనిది 155 దగ్గరే మరిగే స్థితికి రావచ్చు.

ముందు చక్రాలు రెండూ కలిసి పట్టేస్తుంటే మాత్రం వీటికి డబ్బు పోయకండి. పెడల్ తొక్కితే ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్‌కు, పెడల్‌కు మధ్యనున్న పుష్‌రాడ్‌కు కాస్తయినా ప్లే (ఖాళీ కదలిక) ఉందో లేదో చూడండి. అది లేకపోతే లోపలి చిన్న రంధ్రం మూసుకుపోయి, వేడికి వ్యాకోచించిన ఆయిల్ పైనున్న తన డబ్బాలోకి తిరిగి వెళ్లలేక తనే బ్రేకు వేసేస్తుంది.